పాటల పందిరి: వేసవి లేని ఊళ్ళో వేసవి పాటలు

జూన్ సెలవులు వచ్చేశాయి. నాలుగు వారాలు! టికెట్లు దొరికినవాళ్ళు ఇప్పటికే అమ్మమ్మగారిళ్ళల్లో మామిడిపళ్ళ ముందు కూర్చుని ఉంటారు. దొరకనివాళ్ళం (ధర చూసి మానుకున్నవాళ్ళం అంటే ఇంకా నిజం) ఇక్కడే ఉన్నాం. మనకోసమే ఈసారి పందిరి.

వేసవి పాటల మీద రాస్తున్నానని చెప్పగానే మా పదకొండేళ్ళవాడు "ఇక్కడ సమ్మర్ ఎప్పుడమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? జనవరిలో ముప్ఫై డిగ్రీలు, మేలో ముప్ఫైరెండు. మన సింగపూర్‌లో నాకు తెలిసిన రుతువులు రెండే: వాన పడబోతున్నది, వాన పడి వెలిసినది. తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి గాలివాన విసురుగా వచ్చి, బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తడిపి పోతుంది చూడండి, అదొక్కటే మాకు కాస్త కొత్తదనం. టెక్కా మార్కెట్లో బంగినపల్లి కనిపిస్తే వేసవి వచ్చిందని లెక్క. అందుకే మా ఇంట్లో కాలాలన్నీ పాటల్లోనే మారతాయి.

ఈ సెలవుల్లో మా ఇంట్లో మోగుతున్నది హైదరాబాద్ బ్యాండు చౌరస్తా. పేరు వినగానే మా తెనాలి వాళ్ళకి నవ్వొస్తుంది. మేమైతే 'సెంటర్' అంటాం, మరీ అయితే 'నాలుగు రోడ్ల కూడలి'. తెలంగాణలో అదే చౌరస్తా. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్, వాళ్ళ మిత్రులు కలిసి 2010ల చివర్లో ఈ పేరుతో పాటలు మొదలుపెట్టారు. జానపదం తీరు, దాని కింద జమైకా రెగే తాళం. సినిమా లేదు, హీరో లేడు, పాట మధ్యలో ఫైటు లేదు. సినిమా పాటకి సినిమాయే ప్రచారం. వీళ్ళ పాటకి అలాంటి ఆసరా లేదు. రికార్డింగు ఖర్చు తామే పెట్టుకుని, యూట్యూబులో పెట్టి, విన్నవాళ్ళు ఇంకొకరికి వినిపిస్తేనే బతుకు. స్వతంత్ర బ్యాండు అంటే ఇదే పిల్లలూ, మీరు 'ఇండీ' అంటుంటారే, అది!

రెగే అంటే ఏమిటని అడిగేవాళ్ళకి ఒక చిన్న ఆట. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ పాదంతో తాళం వెయ్యండి. చప్పట్లు మాత్రం రెండుకీ నాలుగుకీ కొట్టండి. రెగేలో గిటారు మోగేది అక్కడే. మనం సాధారణంగా ఒకటి మీద బరువు వేస్తాం కదా, ఇక్కడ ఆ బరువు పక్కకి జరుగుతుంది. అందుకే ఆ పాట వింటుంటే ఊయల్లో కూర్చున్నట్టుంటుంది. మావారికి మాత్రం ఇంతవరకూ రాలేదు, చప్పట్లు ఒకటి మీదే పడుతున్నాయి.

వాళ్ళ పాటల్లో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'ఊరెళ్ళిపోతా మామా'. పట్నంలో ఇరుక్కుపోయినవాడు ఎర్రబస్సెక్కి మళ్ళీ తన ఊరికి పోతానంటాడు, కథ అంతే. మనలో ఎంతమందికి ఆ మాట నెలకోసారైనా నోటిదాకా వచ్చి ఉండదు చెప్పండి? నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. మా చిన్నప్పుడు "ఎర్రబస్సెక్కి వచ్చాడు" అంటే వెక్కిరింత, పల్లెటూరి బైతు అని. ఆ బస్సునే ఈ పాట నెత్తిన పెట్టుకుంది.

మా వాడి సందేహం మాత్రం వేరు. "మామ అంటే ఎవరు? వైజాగ్ మామయ్యా?" కాదురా, స్నేహితుడిని కూడా మామా అంటారు అన్నాను. "స్నేహితుడు అమ్మ తమ్ముడెలా అవుతాడు?" అన్నాడు. వరసలు కలుపుకోవడం మనకి సరదా అని, బస్సులో పక్క సీటాయన కూడా గంటలో బాబాయ్ అయిపోతాడని చెప్పాను. ఇక్కడి టాక్సీ డ్రైవర్లని 'అంకుల్' అంటావు కదా, ఇదీ అంతే అన్నాక ఒప్పుకున్నాడు.

ఇదంతా నాకెందుకు ముఖ్యమో చెబుతాను. ఇక్కడి బడుల్లో మన పిల్లలు మాతృభాషగా తమిళం తీసుకోవచ్చు, హిందీ తీసుకోవచ్చు, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు ఆ వరసలో లేదు. మా వాడు హిందీ చదువుతున్నాడు, మార్కులూ బాగానే వస్తున్నాయి. మా అమ్మకి మాత్రం హిందీ రాదు, ఇంగ్లీషూ రాదు. ఆదివారం ఫోన్లో వాళ్ళిద్దరి సంభాషణ "బాగున్నావా అమ్మమ్మా, తిన్నావా, ఇదిగో అమ్మకిస్తున్నా" దగ్గర ఆగిపోతుంది. మూడు ముక్కలు. ఈ పాట విన్న వారం నాలుగో ముక్క వచ్చింది: "అమ్మమ్మా, నువ్వు ఎర్రబస్సు ఎక్కావా?" ఇక చూసుకోండి! తెనాలి బస్టాండు, కిటికీ సీటు కోసం తువ్వాలు వెయ్యడం, కండక్టరు చిల్లర ఇవ్వకపోవడం, ఇరవై నిమిషాలు. వాడికి సగం అర్థమై ఉంటుంది. ఫోను మాత్రం నాకివ్వలేదు.

చౌరస్తా వాళ్ళ ఇంకో వేసవి పాట కూడా గుర్తుండే ఉంటుంది, 2020లో కరోనా మీద చేసినది, చేతులు కలపొద్దని చెప్పేది. ఆ ఏడాది ఇక్కడ ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 దాకా సర్క్యూట్ బ్రేకర్. జూన్ సెలవులని మేకే జరిపేశారు. ఊరికి వెళ్ళే దారే లేదు. ఇంట్లో కూర్చుని ఆ పాట పెట్టుకుని నవ్వుకున్నాం, నవ్వుతూనే ఊళ్ళో పెద్దవాళ్ళని తలుచుకుని భయపడ్డాం కూడా. ఇప్పుడది పెడితే పిల్లలు ఎగురుతారు, నాకు మాత్రం పూర్తిగా వినబుద్ధి కాదు.

తర్వాత రామ్ మిరియాల గారు సినిమాల వైపు వెళ్ళారు. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట ఆయనవే, రెండోదానికి సంగీతం కూడా ఆయనే. "బ్యాండు వదిలేశారా!" అని మా అమ్మాయి బాధపడింది. నాకు అంత బాధ లేదు. ఇది ఈనాటిది కాదు. 1990లలో రమణ గోగుల 'మిస్టీ రిథమ్స్' అనే బ్యాండుతో పాప్ పాటలు చేశారు, అక్కడినుంచి 1998లో 'ప్రేమంటే ఇదేరా', 1999లో 'తమ్ముడు'. తర్వాత చాలా ఏళ్ళు కనిపించలేదు. మళ్ళీ ఆ గొంతు వినిపించింది 2025 జనవరిలో వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో గోదారి గట్టు పాటలో! తెలుగులో బ్యాండు గొంతులన్నీ చివరికి సినిమా రేవులోనే తేలుతున్నాయి. తేలనీండి గానీ, అక్కడికి చేరేముందు ఓ నాలుగు పాటలు తమకోసం తాము పాడుకోవాలని నా కోరిక.

సినిమాల్లో రుతువుల పాటలంటే నా ఓటు 1989 'గీతాంజలి'లో ఇళయరాజా గారు చేసిన వసంతం పాటకి. బాలు గారి గొంతు, వేటూరి గారి మాట, అందులో వసంతం వచ్చినందుకు సంతోషమూ ఉంది, వెళ్ళిపోతుందన్న దిగులూ ఉంది. మా అమ్మాయి ఓటు 2004 'వర్షం'కి. అందులో సీతారామశాస్త్రి గారి వానపాట పల్లవే మరుసటేడు ఇంకో సినిమాకి పేరైంది, ఏ సినిమానో పిల్లలు అమ్మానాన్నల్ని అడగండి. చెప్పలేకపోతే ఆ రోజు వంట వాళ్ళది కాదు, బయట భోజనం!

బ్యాండు అనగానే మా బ్లాకులో నలుగురు పిల్లలు ఈ సెలవుల్లో ఒకటి పెట్టేశారు. ఒక యుకులేలే, ఒక కీబోర్డు, ఒక కహోన్ (మనకి తెలిసిన భాషలో, కూర్చుని వాయించే చెక్కపెట్టె), పాడటానికి మా వాడు. నవ్వకండి. ఈ ఊళ్ళోనే 1961లో క్వీన్స్‌టౌన్‌లో బడి పిల్లలు 'ది క్వెస్ట్స్' అని బ్యాండు పెట్టారు. పేరు ఎక్కడిదనుకున్నారు? వాళ్ళ బడి పత్రికది. 1964లో వాళ్ళ 'షాంటీ' ఇక్కడి పాటల జాబితాలో బీటిల్స్‌ని దించి మొదటి స్థానానికి ఎక్కింది. అందులో మాటలే లేవు, ఉత్త వాయిద్యాలే.

మన నలుగురూ వాయిస్తున్నది 'ఊరెళ్ళిపోతా మామా'నే. నలుగురిలో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే. కీబోర్డు పిల్ల తమిళమ్మాయి, కహోన్ అబ్బాయి చైనీస్. వాడికి 'మామా' అన్న మాట ఎంత నచ్చిందంటే లిఫ్టులో నన్నే అలా పిలిచాడు. ఇంకా కుదరనిది ఒక్కటే, కహోన్ ఒకటి మీద పడుతోంది, యుకులేలే రెండు మీద పడుతోంది, మధ్యలో మా వాడు ఊరికి వెళ్ళడానికి బస్సు దొరకనట్టు నిలబడిపోతున్నాడు. సాయంత్రం ఏడింటికల్లా ఆపెయ్యాలని కింద ఇంటి ఆంటీతో ఒప్పందం. ఆవిడ నిన్న పైకి వచ్చారు. ఫిర్యాదేమో అనుకున్నాం. మొన్న వాయించింది ఇంకోసారి వాయిస్తారా అని అడిగి వెళ్ళారు.

మీ ఇంట్లో పిల్లలు ఏ తెలుగు పాట పాడుతున్నారో నాలుగు వాక్యాలు రాసి పంపండి, వచ్చే సంచికలో పందిరికి ఎక్కిద్దాం. సినిమా పాటైనా సరే, కానిదైతే ఇంకా సరే!