గాలి మాటలతో టైరు నిండదు!

ఊరి చివర రేకుల షెడ్డు. నాలుగు పానాలు, ఒక జాకీ, పంక్చర్ చూసే నీళ్ల తొట్టి. కరెంటు స్తంభం రోడ్డు అవతలే ఉంది, తీగ మాత్రం షెడ్డు దాకా రాలేదు. ఆ మెకానిక్ దగ్గరికి కరెంటు కంటే ముందు సామాన్లు అమ్మేటోళ్లు వస్తున్నారు. "జనరేటర్ కొను, అన్నీ నడుస్తయి" అంటడొకడు. "ఇన్వర్టర్ పెట్టుకో, చప్పుడే ఉండదు" అంటడింకొకడు. కిస్తీలు ఎవరు కట్టాలె? పొద్దంతా పంక్చర్లు వేసే మనిషే కట్టాలె!

లెక్క చూద్దాం. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. కానీ మామూలు ఇండక్షన్ మోటారు మొదలయ్యే క్షణంలో 5, 6 రెట్ల కరెంటు గుంజుతుంది. పెట్టె మీద వెయ్యి వాట్లని రాసిన జనరేటర్ అక్కడే చతికిలపడుతుంది. ఇక బ్యాటరీ సంగతి. 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లంటే కాగితం మీద 1200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి పిండితే త్వరగా పోతుంది. చేతికి మిగిలేది 600. దాని మీద ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ నడిచేది అరగంటకు కాస్త అటూ ఇటూ. ఈ ముచ్చట అమ్మేటోడు చెప్తడా?

అసలు టైరుకు కావాల్సింది కరెంటా, గాలా? పెట్రోలు కాల్చి కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో మోటారు తిప్పి, ఆ మోటారుతో గాలి కొట్టుడెందుకు? ప్రతి మెట్టు దగ్గర కొంత శక్తి పోతుంది. పెట్రోలు ఇంజన్‌కే బెల్టు వేసి కంప్రెసర్ తిప్పితే మధ్యలో పోయేది మిగులుతుంది. ట్యాంకు నింపి ఇంజన్ ఆపేస్తే దాచుకున్న గాలితోనే కొన్ని టైర్లు నడుస్తాయి. గాలికి ట్యాంకే బ్యాటరీ!

పనిని బట్టి సామాను ఎంచుకోవాలి. సైకిళ్లు, బైకులే వస్తే మంచి కాలి పంపు, నమ్మకమైన గేజీ చాలు. కార్లకు 12 వోల్టుల చిన్న పంపు సరిపోతుంది. వచ్చిన కారు ఇంజన్ నడిపించి దాని బ్యాటరీకే తగిలించాలి. మధ్యమధ్య ఆపకపోతే పంపు కాలిపోతుంది. లారీ టైరుకు 100 పీఎస్ఐ దాటిన ఒత్తిడి కావాలి. ట్రాక్టర్ వెనక టైరుకు ఒత్తిడి తక్కువే, కానీ పట్టే గాలి చాలా ఎక్కువ. వీటికి చిన్న పంపు ఆటబొమ్మ. ఇంజన్ కంప్రెసరే దిక్కు. బల్బుకు, ఫోనుకు మాత్రం చిన్న సోలార్ పలక, బ్యాటరీ పెట్టుకుంటే చాలు.

ఒక్క హెచ్చరిక. ఇంజన్ షెడ్డు బయటే ఉండాలి. మూసిన షెడ్డులో దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. ట్యాంకుకు సేఫ్టీ వాల్వు లేకుంటే అది బాంబే. అడుగున చేరే నీళ్లు రోజూ వదలకపోతే లోపలినుంచి తుప్పు తింటుంది.

ఇంతకూ ఈ తిప్పలన్నీ ఎందుకు? 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఏం చెప్తున్నది? జాగా యజమానే కాదు, అందులో ఉన్న కిరాయిదారు అడిగినా కరెంటు ఇవ్వాల్సిందే. కేంద్రం 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పూర్తి దరఖాస్తు అందినాక మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ రావాలి. కొత్త లైను వేయాల్సిన చోట గడువు వేరు. మరి స్తంభం ఎదురుగా ఉన్న షెడ్డుకు అడ్డమేంది?

అందుకే మెకానిక్ అన్నలారా! జనరేటర్ అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు కరెంటు దరఖాస్తు మీద పెట్టండి. రసీదు తీసుకోండి, తేదీ రాసుకోండి, గడువు దాటితే నిలదీయండి. తీగ వచ్చేదాకా కాలి పంపు, ఇంజన్ కంప్రెసర్ మన అక్కర తీరుస్తాయి. కానీ అక్కర తీరిందని హక్కును మరువొద్దు!