నాలుగు పళ్ల అత్యాశ

ఆదివారం పొద్దున కాజీపల్లిలో లారీలు ఆగే ఖాళీ జాగానే నా ట్రాక్. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగిందిగా, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచింది? అప్పుడు పట్టిన పిచ్చి ఇది. నాది అసలు కారులో పదో వంతు సైజు రిమోట్ కారు.

స్పీడ్ చాలట్లేదని మోటారుకున్న 20 పళ్ల పినియన్ తీసి 24 పళ్లది బిగించా. స్పీడ్ పెరిగింది, నిజమే. దాంతోపాటు మోటారు మీద లోడూ పెరిగింది. నాలుగో రౌండ్‌కే కాలిన వాసన! రెండు నెలల ఓటీ డబ్బులు పొగైపోయాయి.

"టాప్ గేర్‌ల ఘాట్ ఎక్కిస్తే బండి ఆగమైతది గదరా" అన్నాడు మా షిఫ్ట్ ఫిట్టరన్న. నవ్వలేదు, అదే నయం.

ఇప్పుడు ఒక్కో పన్నే పెంచుతున్నా. రెండు నిమిషాలు నడిపి, ఆపి, మోటారు మీద వేలు పెట్టి చూస్తా. వేలు నిలవలేదా, మళ్లీ చిన్న పినియనే. ఇంకో తలనొప్పి మా దుమ్ము. ఈ కార్లకు పవరంతా వెనక చక్రాలకే కాబట్టి మలుపులో తోక తిరిగిపోతుంది. వెనక మెత్తటి టైర్లు, ముందు గట్టివి వేశాక కాస్త మాట వింటోంది. రౌండు రౌండుకీ టైర్లు తుడవాల్సిందే.

నిన్న కొత్త మోటారు వచ్చింది. ముందు రిమోట్ అడిగింది ఫిట్టరన్నే.