చట్టం ఒప్పుకున్న పనికి జీవితాంతం శిక్షా?

అమెరికాలో పీజీ చదువులకు ఇన్నాళ్లూ ఆసరాగా నిలిచిన గ్రాడ్ ప్లస్ రుణ పథకాన్ని అక్కడి ప్రభుత్వం ఎత్తేసింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఆ రుణం ఉండదు. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు మించదు. మిగతా సొమ్ముకు ప్రైవేటు అప్పో, రాత్రిపూట పనో వెతుక్కోవాలి. కొందరు విద్యార్థినులు ఎంచుకునే అలాంటి పనుల్లో స్ట్రిప్ క్లబ్బు డాన్సు ఒకటి. వయోజనులకు అది చట్టబద్ధమైన ఉపాధి. పగటి తరగతులకు అడ్డురాదు, ఏ రాత్రి సంపాదన ఆ రాత్రే చేతికొస్తుంది. కానీ ఫీజు కోసం చేసిన పనే రేపటి ఉద్యోగానికి ఎసరు పెడితే?

ముందు ఆదాయం సంగతి చూద్దాం. చాలా క్లబ్బులు డాన్సర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపుతాయి. జీతం ఉండదు సరికదా, వేదిక ఎక్కినందుకు డాన్సరే ‘హౌస్ ఫీజు’ కట్టాలి. జనం పలచగా వచ్చిన రాత్రి చేతిచమురు వదులుతుంది. లాస్ ఏంజిలెస్‌లోని స్టార్ గార్డెన్ డాన్సర్లు దీర్ఘకాలం పోరాడి 2023లో యూనియన్ గుర్తింపు సాధించారు. వాషింగ్టన్ రాష్ట్రం 2024లో డాన్సర్ల భద్రతకు చట్టం చేసి, క్లబ్బుల వసూళ్లకు పరిమితి పెట్టింది. ఇలాంటి రక్షణ ఇంకా కొద్దిచోట్లే ఉంది.

ఇక భవిష్యత్తు. విద్యార్థి దశలో స్ట్రిప్ డాన్సర్‌గా, తరువాత కొంతకాలం సెక్స్ వర్కర్‌గా పనిచేశానని న్యూయార్క్ ఉపాధ్యాయిని మెలిసా పెట్రో 2010లో బాహాటంగా రాశారు. ఆమెను తరగతి గదికి దూరం చేశారు. మరుసటి ఏడాది ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో బ్రూక్ మాగ్నంటి, పీహెచ్‌డీ ముగుస్తున్న రోజుల్లో ఎస్కార్ట్‌గా పనిచేసినట్టు 2009లో వెల్లడించారు. ఆ గతానికీ ఇప్పటి ఉద్యోగానికీ సంబంధం లేదని ఆమె పనిచేస్తున్న బ్రిస్టల్ విశ్వవిద్యాలయం తేల్చిచెప్పింది. ఇద్దరి గతమూ లోకం చిన్నచూపు చూసేదే. ఒకరి ఉద్యోగం పోవడానికి, మరొకరిది నిలవడానికి కారణం యజమాని వైఖరే.

అందుకే ఏ వృత్తిలోకి వెళ్లదలచారన్నది ఈ లెక్కలో కీలకం. బడిపిల్లల బాధ్యత చూసే ఉద్యోగాల్లో ముప్పు ఎక్కువ. న్యాయవాద లైసెన్సుకు నడవడిక విచారణ ఉంటుంది. ఫెడరల్ భద్రతా అనుమతి దరఖాస్తు పదేళ్ల ఉద్యోగ చరిత్ర అడుగుతుంది. ఇలాంటి చోట్ల చేసిన పనికన్నా దాచిన పనే ఎక్కువ హాని చేయగలదు. పన్ను కట్టని ఆదాయం, దరఖాస్తులో వదిలేసిన ఉద్యోగం అబద్ధం కింద లెక్కకొస్తాయి. మారుపేరు కాపాడుతుందన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. ఒక్క ఫొటోతో ముఖాన్ని ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే సాధనాలు వచ్చేశాయి.

అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులకు అసలు ప్రమాదం వేరే ఉంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఏ పని చేసినా, అది పెట్రోల్ బంకులో అయినా, క్లబ్బులో అయినా వీసా హోదాకే చేటు. నగదు తీసుకున్నంత మాత్రాన ఆ నిబంధన వర్తించకుండా పోదు.

ఇంత లెక్కా వేయాల్సిన భారం ఒక్క విద్యార్థినిపైనే పడటం అన్యాయం. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం పేరిట ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. గతంలో చేసిన వృత్తి ఆ జాబితాలో లేదు. క్లబ్బులో కూర్చుని చూసినవాడిని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ నిలదీయరు. ఆడి చదువుకున్న అమ్మాయికి మాత్రం సంజాయిషీ తప్పదు.

లైసెన్సుతో ముడిపడిన వృత్తి లక్ష్యమైతే ముందు అసిస్టెంట్‌షిప్, స్కాలర్‌షిప్ దారులన్నీ వెతకాలి. అయినా ఈ పనే ఎంచుకుంటే పన్ను కట్టాలి, ఆదాయ పత్రాలు భద్రపరచుకోవాలి, ఏ దరఖాస్తులోనూ అబద్ధం రాయకూడదు. విశ్వవిద్యాలయాలు బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇవ్వాలి. చట్టబద్ధంగా చేసిన పాత పని కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకుండా చట్టసభలు రక్షణ కల్పించాలి.