శ్రవణ కుతూహలం: లక్క ప్లేటు, అమ్మ గొంతు

మా విభాగంలోని ఒక యువ మిత్రుడు ఇటీవల మా వద్దకు ఒక సమస్యతో వచ్చారు. అమెరికాలో ఉన్న వారి అక్కగారు అక్కడి పాత జానపద గీతాలు కొన్ని పంపారట. “అందరూ గొప్పవంటారు సార్, వినబోతే గరగర తప్ప మరేమీ లేదు. మంచి ధ్వని గల రికార్డులు ఏవో సెలవివ్వండి” అని వారి కోరిక. ఈ మాసపు శీర్షికకు ఆ ప్రశ్నే ఆధారం.

ముందుగా ఆ గరగర ఎక్కడిదో చూద్దాం. 1927 జులై, ఆగస్టు మాసాలలో రాల్ఫ్ పీర్ అనే ఆయన విక్టర్ కంపెనీ పక్షాన టెనెసీ రాష్ట్రపు సరిహద్దు పట్టణమైన బ్రిస్టల్‌లో మకాం వేసి, చుట్టుపక్కల కొండపల్లెల గాయకులచేత పాడించారు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ మొట్టమొదట రికార్డుకెక్కినది అక్కడే. అంతకు రెండేళ్ళ క్రితమే, 1925లో, రికార్డింగులో పెద్ద బూరకు బదులు మైక్రోఫోను ప్రవేశించింది. కనుక గొంతులోని మెత్తదనం కూడా ప్లేటు మీద అచ్చుపడింది. అయితే ఆ ప్లేటు లక్కతో చేసినది. లక్కలో సన్నని రాతిపొడి కలిపేవారు. ఉక్కు ముల్లు బరువుకు గాడి అరిగిపోకుండా ఆ పొడి కాపాడుతుంది. పైగా తొలి చుట్లలోనే ముల్లును అరగదీసి గాడికి సరిపోయేటట్లు చేస్తుంది. ఆ రేణువుల మీద ముల్లు నడిచే చప్పుడే మన మిత్రుని విసిగించిన గరగర.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉన్నది. ఆనాడు ప్రపంచానికి లక్కను సరఫరా చేసినది ప్రధానంగా భారతదేశమే. అందులో ఛోటానాగపూర్ అడవులది పెద్ద వాటా. కుసుమ్, మోదుగ, రేగు కొమ్మల నుండి గిరిజనులు సేకరించే ఈ లక్కపై పరిశోధనకై 1924లోనే రాంచీ చెంత నామ్‌కుమ్‌లో ఒక సంస్థ వెలసింది. 1942లో యుద్ధం వలన సరఫరాకు ఆటంకం కలుగగా, రికార్డుల తయారీలో లక్క వాడకాన్ని అమెరికా ప్రభుత్వం బాగా కుదించవలసి వచ్చింది. ఆ కొండపాటలను మోసిన ప్లేట్లలో మన సింగ్‌భూం లక్క కూడా కలిసి ఉండవచ్చునని తలచినప్పుడు ఆ గరగర మాకు పరాయిదిగా తోచదు.

అయినా, మంచి ధ్వని అంటే రొద లేని ధ్వనియే కదా అని పాఠకులు అడుగవచ్చు. మేమూ చాలాకాలం అట్లే నమ్మాము. ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం చెబుతాము.

1991 వేసవి సెలవులలో మా తల్లిగారిచేత దంపుళ్ళ పాటలు, లాలిపాటలు పాడించి క్యాసెట్టులో పట్టాము. శ్రీకాకుళం జిల్లా నుండి ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు ఆమె వెంట తెచ్చుకున్న పాటలవి. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. నడుమ ఫ్యాక్టరీ సైరను కూడా పడింది. ఆమె గతించిన తరువాత ఆ టేపును కంప్యూటరులోకి ఎక్కించి శుద్ధి చేయబూనాము. ఫ్యాను హోరు తీశాము. 4,000 హెర్ట్‌జ్‌లకు పైనున్నదంతా కోసి, టేపు సుయ్యిమనే చప్పుడును మాయం చేశాము. పని ముగిసిందనుకొని బూజుపట్టిన క్యాసెట్టును పారవేశాము. శుద్ధి చేయని ప్రతిని దాచలేదు.

సంవత్సరీకానికి వచ్చిన మా చెల్లెలు అది విని, “అన్నయ్యా, పాట ఉంది గానీ అమ్మ లేదు” అన్నది. నిజమే. స, శ అక్షరాల పదును, చరణాల నడుమ తీసుకునే ఊపిరి, రోకలి పోటు అభినయించేటప్పటి గాజుల చప్పుడు, వీటిలో చాలాభాగం ఆ 4,000కు పైనే ఉంటుంది. రొదతో పాటు వాటినీ కోసివేశాము. పోయినదానిని తిరిగి తెచ్చే యంత్రం లేదు.

కనుక మిత్రునికి మా సలహా ఇది: గరగర లేని రికార్డును కాదు, మనిషి ఉన్న రికార్డును వెదకండి. కార్టర్ కుటుంబపు పాటలలో మేబెల్ కార్టర్ బొటనవ్రేలితో మంద్రపు తీగెలపై వరుస పలికిస్తూ, మిగిలిన వ్రేళ్ళతో నడక నిలిపే తీరును గమనించండి; రెండు పాటలు ముగిసేసరికి చెవి గరగరను మరచిపోతుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో వెలువరించిన ‘నెబ్రాస్కా’ ఇంటిలో నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం మీద పట్టినదే. కౌబాయ్ జంకీస్ బృందం 1987లో టొరంటోలోని ఒక చర్చిలో ఒకే మైక్రోఫోను చుట్టూ కూర్చుని ‘ది ట్రినిటీ సెషన్’ పూర్తిచేసింది. మన భాషలో వింజమూరి సీత, అనసూయల జానపద గీతాలు తప్పక వినండి.

ఇక అన్నిటికన్నా అరుదైన రికార్డులు బిష్టుపూర్, కద్మా, సాక్చీలలోని మన ఇళ్ళ అటకల మీదనే ఉన్నాయి. పాత క్యాసెట్టు దొరికితే మొదట ఒకసారి ఆ చివర నుండి ఈ చివరకు చుట్టండి. యంత్రపు హెడ్‌ను ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచి, ఆ తరువాత ఎక్కించండి. సెకనుకు 44,100 నమూనాలతో, కుదింపు లేని వేవ్ ఫైలుగా దాచండి. రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచండి. శుద్ధి చేయదలిస్తే మూడవ ప్రతి మీదనే చేయండి. క్యాసెట్టును పారవేయకండి.

ఇంట పాడగల పెద్దలుంటే వచ్చే ఆదివారమే పాడించండి. నేలమీద దుప్పటి పరచి, ఫోనును మూరెడు దూరంలో ఉంచితే చాలు. వీలైతే ఫ్యాను ఆపండి. వారికి ఉక్కపోస్తే తిరగనివ్వండి.