మేనల్లుడి బారు, బాబాయి బీరువా

మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మేనల్లుడు కొత్త ఇంటి ప్లాను చూపించాడు. హాలు పక్కన మెట్ల కింద ఖాళీగా మిగిలిన జాగాలో బార్ కట్టిస్తాడట. అద్దాల అరలు, లోపల లైట్లు, ముందు నాలుగు ఎత్తు స్టూళ్ళు. "మావయ్యా, ఏవేం సీసాలు పెట్టాలో ఓ లిస్టు రాసియ్యి. అన్ని రకాలూ ఉండాలి. ఎవరొచ్చినా లేదు అనకూడదు" అన్నాడు.

పెద్దవాళ్ళు విననట్టు ఊరుకున్నారు. మా అక్క, అంటే వాళ్ళమ్మ, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకెళ్ళిందో వాడికి తెలీదు. తెలిసేలా మనం ఎప్పుడూ చెప్పలేదు కదా. లిస్టు రాస్తానని మాటిచ్చాను, రాస్తున్నాను. కానీ దానికి ముందు ఒక దిద్దుబాటు ఉంది.

ఇదే పేజీల్లో రెండేళ్ళ క్రితం మన రెండో బాబాయి గురించి రాసినప్పుడు "పచ్చకామెర్లతో పోయారు" అని రాశాను. కామెర్లు వచ్చిన మాట నిజమే. అవి తాగుడు వల్ల లివరు పాడై వచ్చిన కామెర్లు. అప్పటికి ఆయనకి 51 ఏళ్ళు. ఆ ముక్క దాచాను. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే మేనల్లుడు అడిగిన "అన్ని రకాలూ ఉన్న" బీరువా మన ఇంట్లో ఒకప్పుడు ఉండేది.

అదెలా నిండిందో చెప్తాను. యానాం పాండిచ్చేరిలో భాగం కాబట్టి సుంకాలు వేరు, ధరలు వేరు. చుట్టూ ఆంధ్రా. కాకినాడ నుంచి బస్సెక్కితే గంటలో దిగిపోవచ్చు. తాతయ్య రోజుల్లో ఇంట్లో ఒకటో రెండో సీసాలు ఉండేవంతే. ఫ్రెంచి సైన్యంలో చేసి పెన్షన్ తీసుకునే ఆయన స్నేహితుడొకాయన పాస్తిస్ అనే సోంపు మందు తెచ్చిచ్చేవారు. గ్లాసులో కొంచెం పోసి ఐదు వంతులు చల్లటి నీళ్ళు కలిపితే పాలలా తెల్లబడిపోయేది. సోంపు నూనె సారాయంలో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు, అందుకే ఆ తెలుపు. తాతయ్య ఆదివారం మధ్యాహ్నం ఒక్క గ్లాసు, భోజనానికి ముందు, అరుగు మీద కూచుని అందరి ముందూ తాగేవారు. రెండోది ఎవరూ అడగలేదు, ఆయనా పోసుకోలేదు.

తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టుకి అడ్డం నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995లో రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబుగారి హయాంలో ఎత్తేశారు. మధ్యలో ఆ రెండేళ్ళూ మన ఇంటికి చుట్టాలు తెగ వచ్చారు. పదేళ్ళుగా మొహం చూపించని వాళ్ళు కూడా "ఏవండీ, పిల్లలెలా ఉన్నారు" అంటూ దిగిపోయేవారు. వచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యాలిగా! బాబాయి అద్దాల బీరువా కొన్నాడు. ఒకాయనకి విస్కీ, ఒకాయనకి బ్రాందీ, ఇంకొకాయనకి రమ్ము. ఎవరొచ్చినా లేదనకూడదని అన్నీ పెట్టాడు. వచ్చినవాళ్ళకి పోసేటప్పుడు తోడుగా తనూ పోసుకునేవాడు. చుట్టాలు రెండు రోజులుండి వెళ్ళిపోయేవారు. బాబాయికి మాత్రం రోజూ చుట్టాలే.

నిషేధం ఎత్తేశాక చుట్టాలు రావడం మానేశారు. బీరువా మిగిలింది.

నేను తాగనివాణ్ణి కాను. కాబట్టి మేనల్లుడికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. వాడి వాదనలో నిజం ఉందని ఒప్పుకుంటాను. "రోడ్డు పక్కన కారులో కూచుని తాగి, అదే కారు నడుపుకుంటూ రావడం కన్నా, ఇంట్లో మా ఆవిడకి తెలిసేలా తాగడం మంచిది కాదా" అన్నాడు. మంచిదే. మన ఇంటిని పాడు చేసింది కనిపించే సీసా కన్నా దాచిన సీసా. బీరువాకి మామ్మ తాళం వేసిన తర్వాతే బాబాయి గడ్డివాములోనూ, స్నానాల గది అటక మీదా దాచడం మొదలెట్టాడు.

ఇంకో సంగతి. ఒకసారి పెద్దవాళ్ళంతా కలిసి సీసాలన్నీ పారబోసి, ఆయన్ని గదిలో పెట్టి గడియ వేశారు. మంచి ఉద్దేశంతోనే. రెండో రోజుకి చేతులు వణికాయి, మూడో రోజు తెల్లారుజామున ఫిట్స్ వచ్చాయి. అన్నం పెట్టడానికి వెళ్ళింది మా అక్క. దానికప్పుడు పదిహేడేళ్ళు. సంక్రాంతినాడు వంటింట్లోకి ఎందుకు వెళ్ళిపోయిందో ఇప్పుడు అర్థమైందా నాన్నా? ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్ళ చేత డాక్టరు దగ్గరే, మందులిస్తూ, మాన్పించాలి. అప్పుడు మనకది తెలీదు. ఇప్పుడైతే టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో చెప్తారు. తాళం వైద్యం కాదు.

అందుకని నా అభిప్రాయం ఇదీ. బారు నిండుగా ఉందంటే సీసాలు ఎక్కువున్నాయని కాదు. తాగేవాడికీ, తాగనివాడికీ, మానేసినవాడికీ ముగ్గురికీ అక్కడ చోటుంటే అది నిండైన బారు. సీసాలతో నిండింది వైన్ షాపు.

ఇక లిస్టు.

ఒక విస్కీ, ఒక బ్రాందీ, ఒక రమ్ము, జిన్నో వోడ్కానో ఏదో ఒకటి. నాలుగు సీసాలు. వైను తాగేవాళ్ళు వస్తున్నారంటే ఆ రోజుకి ఒక ఎర్ర వైను. బీరు కావాలంటే ఫ్రిజ్‌లో రెండు మూడు. అంతే. ఒక్కో రకంలో ఒక్క సీసాయే తెరిచి ఉండాలి, అది అయ్యాకే రెండోది. మన దేశంలో అమ్మే మామూలు విస్కీలూ బ్రాందీలూ రమ్ములూ చాలావరకు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్టే. రంగు, వాసన, కలిపే పాళ్ళు తేడా. కాబట్టి ఐదు బ్రాండ్ల మామూలు విస్కీ వరసగా పెట్టి "వెరైటీ" అనుకోకు. ఆ డబ్బుతో ఒక్కటి మంచిది కొను. ద్రాక్షతో చేసిన అసలు బ్రాందీయో, బెంగుళూరు అమృత్ వాళ్ళ సింగిల్ మాల్టో. 2004లో ఆ మాల్ట్‌ని వాళ్ళు మొదట స్కాట్లాండులో గ్లాస్గోకి తీసుకెళ్ళి అమ్మారు. తెలుసుకుని తాగితే కొంచెం చాలు.

తాతయ్య గుర్తుగా పాస్తిస్ ఒకటి పెట్టుకుంటానంటే కాదనను. అది మన ఊరి చరిత్ర.

దాచడం సంగతి. విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాలో ఉన్నంతకాలం వయసు పెరగవు. పీపాలో ఉన్నప్పుడే ఆ మార్పంతా. పదేళ్ళు దాచినా అదే సరుకు, గొప్పేం లేదు. ఈ సీసాలు నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఘాటుకి బిరడా పాడవుతుంది. బిరడా ఉన్న వైను మాత్రం పడుకోబెట్టాలి, బిరడా ఎండిపోకుండా. తెరిచిన వైను ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే. మెట్ల కింద లైట్లు పెడతానన్నావు. ఎండా వేడీ లైటూ దేనికీ మంచివి కావు, ముఖ్యంగా బీరుకి. చీకటిగా, చల్లగా ఉన్న చెక్క బీరువా చాలు. దానికి తలుపు ఉండాలి. చిన్నపిల్లలు తిరిగే ఇల్లు, తాళం కూడా ఉండాలి. ఆ తాళం పిల్లల కోసం. పెద్దవాళ్ళ దగ్గర దాచడానికి కాదు.

నాలుగు సీసాల కన్నా ముఖ్యమైన వస్తువు ఒకటుంది. కొలత గ్లాసు, ఒకవైపు 30 మిల్లీలీటర్లు, ఇంకోవైపు 60. మన ఇళ్ళల్లో లేనిది అదే. చేతివాటంగా పోస్తే మర్యాద, కొలిచి పోస్తే పిసినారితనం అనుకుంటాం. లెక్క చూడు. 42.8 శాతం ఉన్న సీసాలోంచి 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో శుద్ధ ఆల్కహాలు సుమారు 20 గ్రాములు. క్వార్టర్ సీసా 180, అంటే మూడు పెద్ద పెగ్గులు. స్ట్రాంగ్ బీరు 650 సీసా దాదాపు రెండు పెద్ద పెగ్గులకి సమానం. "నేను బీరేగా తాగింది" అనే మాట ఈ లెక్క ముందు నిలవదు. బాబాయి కూడా చాలాకాలం అదే మాట అన్నాడు.

"కొంచెం తాగితే గుండెకి మంచిదట" అని వాదించే బావలు మనకి ఇద్దరున్నారు. ఇంత వరకు తాగితే ప్రమాదం లేదు అని చెప్పగల కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగితే సరదాకి తాగండి బావా, మందుకి అనకండి. పిల్లలకి జలుబు చేస్తే చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు కూడా మన ఇంట్లో ఉండేది. అదీ వద్దు.

ఇప్పుడు తాగనివాళ్ళ అర. సగం జాగా దీనికే ఇవ్వు. మన ఇళ్ళల్లో తాగేవాడికి గాజు గ్లాసు, ఐసు, జీడిపప్పు. తాగనివాడికి స్టీలు గ్లాసులో మంచినీళ్ళు. వాడు మూలన కూచుని కబుర్లు వింటాడు. కాసేపటికి ఎవరో ఒకరు "ఒక్క చుక్కేరా" అంటారు. అలా ఒక్క చుక్కతో మొదలైన వాళ్ళు మన చుట్టాల్లో ఎంతమందో మీకూ తెలుసు. అందుకని రామచంద్రపురం ఆర్టోస్ సీసాలు నాలుగు, సోడాలు, నిమ్మకాయలు, సుగంధి షర్బత్తు, దబ్బాకు వేసిన మజ్జిగ కూజా పెట్టు. అదే మంచి గ్లాసుల్లో, అదే ఐసుతో, వాళ్ళకే ముందు ఇవ్వు. మానేసినవాడు ఇంటికొస్తే ఆ రోజు బీరువా తలుపే తెరవకు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఇవాళ లేదు" అను. నువ్వు సంక్రాంతినాడు అనకూడదన్న ఆ మాటే.

తినడానికి ఏదైనా ముందు పెట్టు. ఖాళీ కడుపుతో తాగితే తొందరగా ఎక్కుతుంది. మరీ ఉప్పూ కారం అయితే దాహం పెరిగి గ్లాసులూ పెరుగుతాయి. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, రొయ్యల వేపుడు, మోరి జీడిపప్పు చాలు. కానీ అవి వేయించి, ప్లేట్లలో పెట్టి, రాత్రి పన్నెండింటికి గిన్నెలు కడిగేది ఎవరు? బాబాయి బీరువా రోజుల్లో పిన్ని వంటింట్లోంచి బయటికే రాలేదు. నీ బార్లో ఎవరైనా తాగితే వేపుడు నువ్వే చెయ్యి, గ్లాసులు నువ్వే కడుగు. అది చెయ్యలేను అనుకుంటే బారు కట్టొద్దు.

చివరిది వంతెన సంగతి. యానాంలో 18 ఏళ్ళు నిండితే అమ్ముతారు. ఎదుర్లంక వంతెన దాటితే 21 ఉండాలి. ఇక్కడ సుంకం కట్టిన సీసా అక్కడికి వెళ్తే సుంకం కట్టనిది అవుతుంది, చెక్‌పోస్టులో పట్టుకుంటే కేసు. 2019లో ఆంధ్రాలో ధరలు పెరిగినప్పుడు కూడా మనకి మళ్ళీ చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి, "వచ్చేటప్పుడు ఒక రెండు తీసుకురారా" అని. నీ బారు ఉందని తెలిస్తే నీకూ వస్తాయి. ఒక్క సీసా కూడా దాటించకు. ఇంటికొచ్చి కూచుని తాగినవాడు రాత్రికి ఇక్కడే పడుకోవాలి, బండి తాళం నీ దగ్గర ఉండాలి. చుట్టరికం అంటే అదీ.

నువ్వు అడిగింది సీసాల లిస్టు. నేనిచ్చింది నాలుగు సీసాలు, ఒక కొలత గ్లాసు, ఒక మజ్జిగ కూజా. తక్కువ అనిపిస్తే ఒకసారి మీ అమ్మ పక్కన కూచుని బాబాయి గురించి అడుగు. నేను రాయనివి ఇంకా చాలా చెప్తుంది. అది విన్నాక కూడా బారు కట్టించాలనిపిస్తే కట్టించు నాన్నా. గృహప్రవేశానికి కొలత గ్లాసు నేను తెస్తాను. మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళకుండా మనతోపాటు అక్కడే కూచుని ఆర్టోస్ తాగేలా ఉండాలి, అంతే నా షరతు.