చంద్రగిరి కోటలో కాలినడక

ఐరోపా ఖండమునకు పోయి వచ్చినవారు రోము, ప్రాగు వంటి ప్రాచీన నగరములలో దినమంతయు కాలినడకను తిరిగి, చూచిన ప్రతి వీథిని గూర్చియు పుటలకొలది వ్రాయుచుందురు. మేమును వానిని ప్రీతితో చదువుచుందుము. కాని తిరుపతి యాత్రకు వచ్చు మన సోదరీమణులలో, కొండ దిగిన పిమ్మట సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రగిరికి ఒక్క పూట నిచ్చువా రెందరు?

గత మాసమున మేము ఇరుగుపొరుగు స్త్రీలము నలుగురము పిల్లలను వెంటబెట్టుకొని, రేణిగుంటలో రైలెక్కి, తిరుపతిలో మారి, చంద్రగిరి స్టేషనున దిగితిమి. అటనుండి నడకయే. స్వర్ణముఖిలో ఇసుక కనబడినది గాని నీరు కనబడలేదు.

1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహరాయలు ఈ చంద్రగిరి ప్రభువే. 1565 నాటి యుద్ధముతో హంపి పాడైన పిదప రాజధాని పెనుగొండకును, 1592 ప్రాంతమున వేంకటపతిరాయల కాలమున ఇచటికిని వచ్చినది. 1598లో జెసూట్ పాదిరీలు ఈ యూరికే వచ్చి రాయల దర్శనము చేసికొనిరి. మనము వారి నగరముల ముచ్చట్లు చదువుటకు చాల పూర్వమే వారు మన నగరమును చూచి పోయిరన్నమాట! 1639లో ఆంగ్లేయులకు చెన్నపట్టణపు స్థల మిచ్చిన దామెర్ల నాయకుడును ఈ రాజ్యమునకు లోబడినవాడే.

రాజమహలు మూడంతస్తుల మేడ. ఎంత వెదకినను దూలము గాని వాసము గాని కానరాదు. ఇటుక, రాయి, సున్నము, అంతే. బరువంతయు కమానులు మోయుచున్నవి. కమానులు తురుష్కరీతివి, పైని శిఖరములు మన గోపురములను బోలినవి. సుల్తానులతో పోరాడినవారు వారి కమానును మాత్రము వలదనలేదు; హంపిలోని కమలమహలునను ఇవియే గలవు. లోపల నిప్పుడు పురావస్తుశాల యున్నది. అందలి శిల్పములకడ పిల్లలు చాలసేపు నిలిచిరి.

దాని చేరువనే రెండంతస్తుల రాణీమహలు. మా బాలిక యొకతె, "రాణిగారి వంటయిల్లు ఏది?" అని యడిగినది. త్రోవ చూపుచున్నవాడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. అతడు అంతవరకు రాజుల పేర్లు గుక్కదిప్పుకొనక చెప్పెను గాని, ఆ మేడయెదుట నిలిచియు రాణి పేరొక్కటియు చెప్పలేదు.

మేము బాలికను చెట్టునీడను గూర్చుండబెట్టి చెప్పితిమి. 1529లో రాజ్యమునకు వచ్చువరకు అచ్యుతదేవరాయలు ఈ కోటలోనే నిర్బంధమున నుండెను. ఆయన రాణి వరదాంబిక. వారి వివాహమును గూర్చి వరదాంబికా పరిణయ మను చంపూకావ్యమును సంస్కృతమున రచించినది తిరుమలాంబ యను స్త్రీ. సమాసముల పొడవులో ఆమె ఏ పండితునకును తీసిపోదు. ఆ పొడవు మాకు కొంత ఆయాసమును గలిగించినమాట వేరు. తిరుమలకొండపై మహాద్వారము దాటగనే ప్రతిమామండపమున వరదాంబిక భర్తతో చేతులు జోడించి నిలిచియున్నది. కృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో నున్నదియు అచటనే. వరుసలో త్రోపుడు పడుచు వారిని దాటిపోనివారు మనలో లేరు.

"అయితే ఆమెను నేను చూచితిని!" అని బాలిక లేచి, మహలు చుట్టు మరల నొకసారి తిరిగి వచ్చినది. వంటయిల్లు మాత్రము దొరకలేదు.

పోదలచినవారికి ఒకమాట. శుక్రవారమున పురావస్తుశాల మూసియుందురు. ప్రొద్దుటనే బయలుదేరుడు, మధ్యాహ్నమునకు రాళ్లు కాలును. మంచినీరు, పెరుగన్నము వెంట నుండవలెను.