చెవికి పోగు పెట్టుకుంటే మగతనం పోతదా?



బడంగ్‌పేట్ హాస్టల్లో ఉండి చదువుకునే మాకు రెండు దిక్కులా మాటలే. చెవికి పోగు, కొంచెం పొడుగు జుట్టు ఉంటే ఇక్కడి దోస్తులు "ఆడపిల్లవారా?" అంటరు. చిరుగుల జీన్స్ వేసుకొని, పక్కలకు గీకిన కటింగ్‌తో ఊరికి పోతే పెద్దమనుషులు "పట్నం పోయి చెడిపోయిండు" అంటరు.

మగోడంటే ఇట్లనే ఉండాలని కొలత పెట్టిందెవరు? మన గుస్సాడీలను చూడండి. తలమీద నెమలి ఈకల టోపీ, మెడలో పూసలు, కాళ్లకు గజ్జెలు, ఒంటికి బూడిద. అదే దండారిలో చీర కట్టి ఆడవేషం వేసేది కూడా అబ్బాయిలే. గూడెంలో వాళ్లను ఎవరూ ఎగతాళి చెయ్యరు, ఎదురొచ్చి పిలుస్తరు. మర్లవాయి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ గుస్సాడీ ఆటకే. అప్పుడు ఇదే పట్నం చప్పట్లు కొట్టింది!

ఇది మన ఒక్కరి గోస కూడా కాదు. సోమాలియాలో మగవాళ్లు లుంగీ లాంటి బట్ట చుట్టుకుంటరు, ముసలాళ్లు గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటరు. అక్కడ అది పెద్దరికం. వాళ్ల పిల్లలు లండన్‌లోనో, మన టోలీచౌకిలోనో అట్ల తిరిగితే ఎంతమంది వింతగా చూస్తరో అనుకోండి.

పెద్దలూ, మా జీన్స్ చూసి కోపం చేసుకోకండి. గోండి మర్చిపోతే అడగండి, సమాధానం చెప్తం.

దోస్తులకు మాత్రం గట్టిగనే చెప్తున్నం. మీ మాటలు పడలేక మా పక్కరూమ్ తమ్ముడు పోగు తీసేసిండు. ఇప్పుడు మెస్‌కు కూడా అందరూ తిన్నంక ఒక్కడే పోతున్నడు. ఆ మాటలన్నోళ్లలో ఈ గ్రూపోళ్లు కూడా ఉన్నరు. దండారికి ఊరు పోయేలోపు వాని దగ్గరికి పోయి మాట్లాడండి.